కెమెరా చూసింది సరే, డ్రైవరు చూశాడా?

ఉర్లా పేరు చెబితే రాయ్‌పూర్‌లో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఇనుము. రోలింగ్ మిల్లులు, స్పాంజ్ ఐరన్ కార్ఖానాలు, వాటికి బొగ్గు, ఖనిజం మోసుకొచ్చే లారీలు, తయారైన కడ్డీలు తీసుకుపోయే ట్రైలర్లు. ఆ రోడ్ల పక్కనే బీర్‌గావ్ బస్తీలు, కిరాణా కొట్లు, టీ బండ్లు, సైకిళ్ళ మీద డ్యూటీకి వెళ్ళే కార్మికులు, సంచీ వీపున వేసుకుని బడికి నడిచే పిల్లలు. పదుల టన్నుల బండీ, మూడడుగుల పిల్లవాడూ ఒకే దారిలో నడిచే చోటు ఇది.

ఇలాంటి చోట తరచు జరిగే సంగతి ఒకటుంది. రోడ్డు వారగా ఆగిన లారీ వెనక నుంచి ఒక పిల్లవాడు ఒక్కసారిగా పరుగెత్తుకొస్తాడు. వచ్చే కారు కీచుమని ఆగుతుంది. మధ్యలో మిగిలింది ఒక అడుగు. ఎవరికీ దెబ్బ తగలదు. తలకు వచ్చింది తలపాగాతో పోయిందని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. మరుక్షణమే గొడవ మొదలవుతుంది. "కళ్ళు మూసుకుని నడుపుతున్నావా?" అని పిల్లవాడి తరఫువాళ్ళు, "పిల్లల్ని రోడ్డు మీద వదిలేస్తారా?" అని డ్రైవరు. చుట్టూ జనం. ఇదివరకైతే ఎవరి గొంతు పెద్దదైతే వారి మాట నెగ్గేది. ఇప్పుడు చాలా కార్లలో అద్దం దగ్గర ఒక చిన్న కెమెరా ఉంటోంది. దాని పేరు డ్యాష్‌క్యామ్. "నా దగ్గర వీడియో ఉంది" అంటే డ్రైవరు నిజంగా గట్టెక్కినట్టేనా? ఈ వ్యాసం దాని గురించే.

ఆ డబ్బాలో ఏముంది?

డ్యాష్‌క్యామ్ అంటే బండి నడుస్తున్నంతసేపూ ముందున్న రోడ్డును చిత్రీకరించే కెమెరా. వీడియోను నిమిషం, మూడు నిమిషాల చొప్పున చిన్న ముక్కలుగా మెమరీ కార్డులో దాస్తుంది. కార్డు నిండగానే అన్నిటికంటే పాత ముక్కను చెరిపి దాని స్థానంలో కొత్తది రాస్తుంది. పలక తుడిచి మళ్ళీ రాసినట్టన్నమాట. చాలా కెమెరాల్లో కుదుపును పసిగట్టే సెన్సర్ కూడా ఉంటుంది. బండికి గట్టి దెబ్బ తగిలితే ఆ ముక్కకు తాళం వేసి, చెరిగిపోకుండా కాపాడుతుంది.

త్రుటిలో తప్పిన ప్రమాదంలో చిక్కు ఇక్కడే వస్తుంది. గుద్దుకోవడం జరగలేదు కాబట్టి సెన్సర్‌కు అది మామూలు బ్రేకులాగే కనిపించవచ్చు. తాళం పడదు. కొన్ని గంటలు నడిపేసరికి ఆ వీడియో చెరిగిపోతుంది. రెండు రోజుల తర్వాత ఎవరైనా ఫిర్యాదు చేస్తే చూపించడానికి డ్రైవరు దగ్గర ఏమీ ఉండదు. అందుకే కెమెరా ఉన్నవాళ్ళు బండిని పక్కకు ఆపగానే దాని మీదుండే అత్యవసర బటన్ నొక్కి ఆ ముక్కను భద్రం చేసుకోవాలి.

ప్రపంచంలో ఈ కెమెరాలు ముందుగా ఎక్కువగా వాడినవాళ్ళలో రష్యా డ్రైవర్లు ఉన్నారు. కావాలని బండి కింద పడినట్టు నటించి డబ్బులు గుంజేవాళ్ళ బెడద అక్కడ ఉండేది. 2013 ఫిబ్రవరి 15న చెల్యాబిన్‌స్క్ ఊరి మీద ఉల్క పేలినప్పుడు దాన్ని అన్ని కోణాల నుంచి పట్టింది ఈ కార్ల కెమెరాలే. మన దేశంలో సొంత కారుకు డ్యాష్‌క్యామ్ తప్పనిసరి కాదు. కానీ 2021లో కేంద్ర మోటారు వాహన నియమాలలో చేర్చిన 167ఎ నియమం, ట్రాఫిక్ నిఘాకు వాడదగిన పరికరాల్లో స్పీడ్ గన్, సీసీ కెమెరాలతో పాటు డ్యాష్‌బోర్డు కెమెరానూ పేర్కొంది.

దెబ్బ తగలకపోతే నేరం లేనట్టేనా?

చాలామంది అలాగే అనుకుంటారు. చట్టం అలా అనుకోదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 281వ సెక్షన్ చూడండి. మనుషుల ప్రాణానికి అపాయం కలిగేలా లేదా గాయం అయ్యే అవకాశం ఉండేలా, దూకుడుగా గానీ నిర్లక్ష్యంగా గానీ బహిరంగ రహదారిపై బండి నడిపితే ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. గాయం అయి తీరాలని ఆ సెక్షన్‌లో లేదు. అపాయం కలిగించడమే చాలు. మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కూడా ప్రమాదకరంగా నడపడాన్ని విడిగా శిక్షిస్తుంది. నడుపుతూ చేత్తో ఫోన్ వాడడం కూడా అందులోకే వస్తుంది.

కాబట్టి "ఏమీ కాలేదుగా" అన్న మాట డ్రైవరుకు పూర్తి రక్షణ కాదు. ఏమీ కాకపోవడం పిల్లవాడి అదృష్టం వల్ల కావచ్చు, డ్రైవరు జాగ్రత్త వల్ల కావచ్చు. ఆ రెంటిలో ఏది నిజమో చెప్పగలదు కాబట్టే కెమెరాకు విలువ. అదే కారణంతో అది డ్రైవరుకు ఎదురు తిరగవచ్చు కూడా.

డ్రైవర్ల భయాన్నీ అర్థం చేసుకోవాలి. ప్రమాదం జరిగితే గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చడం డ్రైవరు బాధ్యత అని మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ చెబుతుంది. అదే సెక్షన్, జనం ఆగ్రహం వల్ల అది సాధ్యం కాని సందర్భాన్ని మినహాయిస్తుంది. అంటే రోడ్డు మీద గుంపు కోపం ఎలా ఉంటుందో చట్టం రాసినవారికీ తెలుసు. ప్రమాదంలో మనిషి చనిపోతే పోలీసులకు చెప్పకుండా పారిపోయిన డ్రైవరుకు పదేళ్ళ దాకా శిక్ష వేసే కొత్త నిబంధనకు నిరసనగా 2024 జనవరి మొదట్లో లారీ డ్రైవర్లు దేశమంతా బండ్లు ఆపేశారు. పెట్రోలు బంకుల ముందు వరుసలు కట్టడం మీలో చాలామంది చూసే ఉంటారు. 2024 జులైలో కొత్త సంహిత అమల్లోకి వచ్చినప్పుడు ఆ ఒక్క నిబంధనను పక్కన ఉంచారు. "ఆగితే కొడతారు, పోతే జైలు" అని ఆనాడు డ్రైవర్లు వాపోయారు. అలాంటివారికి జరిగింది జరిగినట్టు చూపే సాక్షి ఒకటి బండిలోనే ఉండడం చిన్న ధైర్యం కాదు.

వీడియోలోంచి వేగం ఎలా తెలుస్తుంది?

వీడియో అంటే వేగంగా తిప్పే బొమ్మల దొంతర. మామూలు కెమెరా సెకనుకు 30 బొమ్మలు తీస్తుంది. కొన్ని కెమెరాలు ఉపగ్రహ సంకేతాల సాయంతో వేగాన్ని తెర మీదే రాస్తాయి. అలా రాయకపోయినా లెక్క కట్టవచ్చు. రోడ్డు పక్కన రెండు కరెంటు స్తంభాల మధ్య దూరం టేపుతో కొలిస్తే 40 మీటర్లు వచ్చిందనుకుందాం. మొదటి స్తంభం దాటిన బొమ్మ నుంచి రెండో స్తంభం దాటిన బొమ్మ దాకా లెక్కపెడితే 90 బొమ్మలు. అంటే 3 సెకన్లు. సెకనుకు 13.3 మీటర్లు, గంటకు 48 కిలోమీటర్లు. "నేను ముప్ఫైలోనే వస్తున్నాను సార్" అని డ్రైవరు ఎన్నిసార్లు చెప్పినా స్తంభాల లెక్క మారదు.

వేగానికి ఇంత పట్టింపు ఎందుకో తెలియాలంటే బండి ఆగడానికి పట్టే దూరం చూడాలి. ఇది రెండు భాగాలు. ఒకటి, ప్రమాదం కంట పడ్డాక కాలు బ్రేకు మీదకు వెళ్ళేలోపు బండి పోయే దూరం. రెండోది, బ్రేకు పడ్డాక జారే దూరం. డ్రైవరుకు ఒక సెకను పడుతుందనీ, పొడి రోడ్డు మీద మంచి బ్రేకులున్న కారు ప్రతి సెకనుకూ సెకనుకు 6 మీటర్ల చొప్పున వేగం తగ్గించుకుంటుందనీ అనుకుందాం. ఫిజిక్స్ పాఠంలోని సూత్రంతో ఇలా వస్తుంది:

గంటకు 30 కి.మీ. వేగంలో: 8 + 6 = 14 మీటర్లు
40 కి.మీ. వేగంలో: 11 + 10 = 21 మీటర్లు
50 కి.మీ. వేగంలో: 14 + 16 = 30 మీటర్లు
60 కి.మీ. వేగంలో: 17 + 23 = 40 మీటర్లు

ఇప్పుడు పిల్లవాడు 22 మీటర్ల ముందు రోడ్డు మీదకు వచ్చాడనుకోండి. 40లో వస్తున్న కారు అతని ముందు ఆగిపోతుంది. 50లో వస్తున్న కారు ఆగదు. లెక్క కడితే, పిల్లవాడిని చేరేసరికి దాని వేగం ఇంకా గంటకు దాదాపు 35 కిలోమీటర్లు ఉంటుంది. పది కిలోమీటర్ల తేడాతో ఒకచోట గొడవతో పోయింది, ఇంకోచోట అంబులెన్సు వచ్చింది. బరువెక్కిన లారీకైతే ఈ దూరాలు ఇంకా పెరుగుతాయి. వాన పడి రోడ్డు తడిస్తే మరీనూ.

అంటే వీడియోలో అసలు చూడవలసింది పిల్లవాడు పరుగెత్తిన ఒక్క సెకను కాదు. దానికి ముందున్న పది సెకన్లు. బడి బోర్డు కనిపించాక డ్రైవరు వేగం తగ్గించాడా? ఆగి ఉన్న లారీని దాటేటప్పుడు పక్కకు జరిగాడా? ముందే రోడ్డు వారన పిల్లలు ఆడుకుంటూ కనిపిస్తున్నారా? కనిపిస్తే హారన్ కొట్టి సరిపెట్టుకున్నాడా, కాలు బ్రేకు మీదకు తెచ్చాడా?

తీర్పులు ఏమంటున్నాయి?

కర్ణాటక నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన ఒక కేసు ఇలాంటిదే. నాలుగేళ్ళ పాప హఠాత్తుగా రోడ్డు దాటింది. బస్సు డ్రైవరు ఆమెను తప్పించడానికి బండిని పూర్తిగా కుడి అంచుకు తిప్పాడు. అయినా పాప దక్కలేదు. కింది కోర్టులు అతనికి శిక్ష వేశాయి. 1979లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ప్రమాదం జరిగింది కాబట్టి తప్పు డ్రైవరుదే అని క్రిమినల్ కేసులో ఊహించేయకూడదనీ, అతని నిర్లక్ష్యాన్ని సాక్ష్యంతో రుజువు చేయాలనీ చెప్పింది. ఆ రోజుల్లో డ్యాష్‌క్యామ్ లేదు. చూసినవాళ్ళు ఏం చెబితే అదే ఆధారం. ఇవాళ అలాంటి డ్రైవరుకు వీడియో నిజంగానే అండ అవుతుంది. వేగం అదుపులో ఉంది, చివరి క్షణం దాకా తప్పించడానికి ప్రయత్నించాడు అని కళ్ళకు కట్టినట్టు చూపుతుంది.

రెండో కేసు ఇంగ్లండ్‌ది. పదమూడున్నరేళ్ళ అమ్మాయి రోడ్డు దాటాలని నిలబడింది. ఒక లారీ డ్రైవరు బండి ఆపి, దాటమని చెయ్యి ఊపాడు. ఆమె లారీని దాటి అడుగు వేసేసరికి, ఆ లారీ పక్క నుంచి దూసుకొచ్చిన చిన్న కారు గుద్దింది. ఆగి చూసుకోనందుకు మూడో వంతు తప్పు ఆ అమ్మాయిదే అని మొదట జడ్జి అన్నారు. 1966లో అప్పీలు కోర్టులో లార్డ్ డెన్నింగ్ ఒప్పుకోలేదు. పెద్దవాళ్ళకు పెట్టే కొలత పిల్లలకు పెట్టకూడదనీ, ఆ వయసు పిల్ల నుంచి ఎంత జాగ్రత్త ఆశించగలమో అంతే చూడాలనీ తీర్పిచ్చారు. తప్పంతా కారు నడిపినవాడిదే అయింది.

"పిల్లవాడు చూసుకోకుండా వచ్చాడు, కెమెరాలో స్పష్టంగా ఉంది" అనే డ్రైవర్లు ఈ రెండో తీర్పును గుర్తుంచుకోవాలి. పిల్లవాడు చూసుకోకుండా వస్తాడన్నది కొత్త విషయం కాదు. స్వీడన్‌కు చెందిన మనస్తత్వవేత్త స్టీనా సాండెల్స్ 1960లలోనే పిల్లలను రోడ్ల మీద ఏళ్ళ తరబడి గమనించి, చిన్నపిల్లలను ట్రాఫిక్‌కు పూర్తిగా అలవాటు చేయడం సాధ్యం కాదని, ట్రాఫిక్కే పిల్లలకు తగ్గట్టు మారాలని వాదించారు. 2011లో లండన్‌లోని రాయల్ హాలోవే విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇంకో సంగతి బయటపెట్టారు. దగ్గరికొచ్చే బండి మన కంటికి పెద్దదవుతూ కనిపిస్తుంది కదా, ఆ పెరుగుదలను గుర్తించే శక్తి ప్రాథమిక పాఠశాల వయసు పిల్లల్లో ఇంకా పూర్తిగా తయారు కాదు. గంటకు 30 కిలోమీటర్లు దాటిన వేగంతో వచ్చే బండిని వాళ్ళు కొన్ని సందర్భాల్లో వస్తున్నట్టే పసిగట్టలేరు. అది పొగరు కాదు, నిర్లక్ష్యమూ కాదు, వయసు. మన దేశపు 2017 డ్రైవింగ్ నిబంధనలు కూడా పాదచారులు, సైకిలు తొక్కేవారు, పిల్లలు, వృద్ధులు, దివ్యాంగుల పట్ల డ్రైవరు ప్రత్యేక జాగ్రత్త తీసుకోవాలంటాయి.

ఈ మాట ఊరికే రాసింది కాదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన రోడ్ల మీద 1,68,491 మంది చనిపోతే, వారిలో 32,825 మంది నడిచి వెళ్ళేవాళ్ళు. 18 ఏళ్ళలోపు పిల్లలు 9,528 మంది.

కెమెరాకు కనిపించనివి

ప్రత్యక్షానికి ప్రమాణం అక్కర్లేదంటారు. కానీ డ్యాష్‌క్యామ్ చూపేది అచ్చంగా ప్రత్యక్షం కాదు. దాని అద్దం వెడల్పుగా చూసే రకం. రోడ్డంతా ఒక్క తెరలో ఇమడాలి కాబట్టి ఎదుటి వస్తువులు అసలుకంటే చిన్నగా, దూరంగా కనిపిస్తాయి. "ఇంత దూరం ఉందిగా, ఇంకా ముందే ఆపవచ్చుగా" అని వీడియో చూసినవారికి అనిపించవచ్చు. లారీ విషయంలో ఇంకో ఇబ్బంది. ఎత్తుగా కూర్చున్న డ్రైవరుకు బంపరుకు ఆనుకుని నిలబడ్డ చిన్నపిల్లవాడు కనిపించడు. అద్దానికి అంటించిన కెమెరాకూ కనిపించడు. పక్కల సంగతి సరేసరి.

ముందు వైపు మాత్రమే చూసే కెమెరాకు డ్రైవరు కూడా కనిపించడు. అతని చూపు రోడ్డు మీద ఉందా, ఫోన్ మీద ఉందా అన్నది దానికి తెలియదు. ఇంకొక మోసం చూసేవాళ్ళలోనే ఉంది. వీడియో మూడోసారి చూసేటప్పటికి పిల్లవాడు ఏ లారీ వెనక నుంచి వస్తాడో మనకు ముందే తెలుసు. ఆ రోజు డ్రైవరుకు తెలియదు. తీర్పు చెప్పేవారు ఈ తేడాను మనసులో పెట్టుకోవాలి.

సాక్ష్యంగా నిలవాలంటే

భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం, ఎలక్ట్రానిక్ రికార్డు నకలును కోర్టులో చూపాలంటే ఒక ధ్రువపత్రం జతచేయాలి. ఏ పరికరంతో తీశారు, అది సరిగా పనిచేస్తోందా అన్న వివరాలతో పాటు ఆ ఫైలు "హ్యాష్" విలువ కూడా రాయాలి. హ్యాష్ అంటే ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య. వీడియోలో ఒక్క బొమ్మను మార్చినా ఆ సంఖ్య మారిపోతుంది. అందుకే పాట కలిపి, ముందూ వెనకా కోసి వాట్సాప్‌లో పంపిన ముక్కకంటే అసలు మెమరీ కార్డుకు విలువ ఎక్కువ. కెమెరా గడియారం తప్పుగా ఉన్నా అనుమానం వస్తుంది. మార్చిలో జరిగినదానికి తెర మీద జనవరి తేదీ ఉంటే ఎదుటి వకీలు ఊరుకోడు కదా. తనకు వ్యతిరేకంగా ఉందని వీడియోను కావాలని చెరిపేస్తే అది మరో నేరం అవుతుంది.

కొందరు డ్రైవర్లు పోలీసుల దగ్గరకు వెళ్ళకుండా నేరుగా వీడియోను అందరికీ పంపేస్తారు. "చూడండి ఈ పిల్లల తల్లిదండ్రులు ఎలాంటివాళ్ళో" అని కింద ఒక వ్యాఖ్య. ఆ పిల్లవాడి ముఖం, యూనిఫాం, ఇంటి వీధి ఊరంతా చూస్తుంది. నేరానికి గురైన పిల్లల, సాక్షులైన పిల్లల గుర్తింపును పత్రికల్లో, ఇతర మాధ్యమాల్లో బయటపెట్టకూడదని 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ అంటుంది. కేసు లేకపోయినా, ఆ పిల్లవాడు రేపు బడికి వెళ్ళాలన్న మాట మరిచిపోకూడదు. జర్మనీలో ఈ విషయం అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్ళింది. ఆగకుండా అందరినీ చిత్రీకరిస్తూ పోవడం గోప్యతా చట్టానికి విరుద్ధమే అయినా, ప్రమాదం కేసులో ఆ వీడియోను సాక్ష్యంగా చూడవచ్చని 2018 మే 15న అది తీర్పు ఇచ్చింది. కోర్టుకు చూపడం వేరు, వీధికి చూపడం వేరు.

ఇంతకీ కాపాడుతుందా?

ముందే నెమ్మదించిన డ్రైవరును కాపాడుతుంది. అబద్ధపు ఫిర్యాదు నుంచి, గుంపు చెప్పే కట్టుకథ నుంచి కాపాడుతుంది. వేగంగా వచ్చి, అదృష్టం వల్ల ఆగినవాడిని కాపాడదు. అతని వేగాన్ని లెక్కతో సహా అప్పగిస్తుంది. కెమెరా సాక్షి మాత్రమే. ఎవరి పక్షమూ వహించదు. ఇక పిల్లవాడిని అది ఎప్పుడూ కాపాడదు. పిల్లవాడిని కాపాడేది బ్రేకు మీదున్న కాలు.

మన ఇళ్ళలో రెండు మూడేళ్ళకోసారి సామాన్లు సర్దడం మామూలే. విశాఖలో కాలనీ గేటు దాకా నడిచిన అలవాటుతో రాయ్‌పూర్ వస్తాం, ఇక్కడి నుంచి ఇంకెక్కడికో వెళ్తాం. కొత్త ఊళ్ళో ఏ సందులోంచి ట్రైలర్ తిరుగుతుందో, షిఫ్టు ఏ వేళకు మారుతుందో మొదటి వారంలో మనకు తెలియదు. అందుకని చేరగానే ఒకసారి అమ్మతోనో నాన్నతోనో బడి దారంతా నడిచి చూడండి. ఆగిన లారీ ముందు నుంచి గానీ వెనక నుంచి గానీ రోడ్డు దాటకండి. తప్పనిసరైతే లారీ అంచు దగ్గర ఆగి తల బయటపెట్టి చూడండి. ఒక డ్రైవరు చెయ్యి ఊపితే అతను ఆగాడని మాత్రమే అర్థం, అతని పక్క నుంచి వచ్చేవాడు ఆగుతాడని కాదు. తమ్ముడో చెల్లెలో వెంట ఉంటే మణికట్టు పట్టుకోండి. వాళ్ళ కంటికి బండి వేగం అందదని ఇప్పుడు మీకు తెలుసు.

మీ ఇంట్లో కారుకు డ్యాష్‌క్యామ్ ఉంటే ఈ ఆదివారం దాని తేదీ, సమయం సరిగా ఉన్నాయో లేదో నాన్నగారితో కలిసి చూడండి. అత్యవసర బటన్ ఎక్కడుందో తెలుసుకోండి. ఆ తర్వాత ఉర్లా రోడ్డు మీద తీసిన ఏదో ఒక పాత వీడియో పెట్టి, రెండు స్తంభాల మధ్య బొమ్మలు లెక్కపెట్టి మీ కారు వేగం కట్టండి. వచ్చిన అంకెను నాన్నగారికి చూపించండి.